వొల్వా: కర్ర పట్టుకున్న స్త్రీ పేరు ఎక్కడిది?

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క మాట గురించి. ఒక్క మాట మీద ఇంతసేపు చెప్పడానికి ఏముంటుంది అని మీకు అనిపించవచ్చు. ఉంటుంది. ఎందుకంటే ఆ మాటను దాని అసలు రూపంలో ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. రాసిపెట్టని మాట ఉండేదని మనం ఎలా అంటున్నాం? అన్నా, దాన్ని ఎంతవరకు నమ్మాలి? ఈరోజు నాకు ముఖ్యమైన ప్రశ్నలు ఈ రెండే.

ముందు కాస్త నేపథ్యం. ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్, ఐస్‌లాండిక్, ఇవన్నీ ఒకే తల్లి భాష పిల్లలు. ఆ తల్లి భాషను మూల జర్మానిక్ అంటాం. క్రీస్తు పూర్వం మొదటి సహస్రాబ్ది రెండో సగంలో ఉత్తర జర్మనీ, డెన్మార్క్, స్వీడన్ దక్షిణ భాగాల్లో మాట్లాడేవారు. ఆ భాషలో ఒక్క పుస్తకం లేదు. పిల్లల భాషల్లోని మాటలు పక్కపక్కన పెట్టి, ఏ ధ్వని ఎలా మారిందో చూసుకుంటూ వెనక్కి వెళ్లి, అసలు రూపం ఇలా ఉండేదని కట్టుకుంటాం. అలా కట్టిన రూపం ముందు ఒక చుక్క గుర్తు పెడతాం, నక్షత్రం లాంటిది. మీలో భాషాశాస్త్రం చదివిన వాళ్లకు ఇది కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మూల ద్రావిడ రూపాలు కట్టినప్పుడు పెట్టిందీ ఈ చుక్కే. పద్ధతి ఒకటే. ఆ చుక్కకు ఒక అర్థం ఉంది: ఇది మేం కట్టిన రూపం, ఎక్కడా దొరికింది కాదు అని. దాన్ని మరిచిపోవద్దు. ఈరోజు నేను ఆ చుక్క దగ్గరికి పదేపదే వస్తాను.

సరే, మాటలోకి వద్దాం. పాత నార్స్ భాషలో, అంటే వైకింగుల కాలం నాటి నార్వే, ఐస్‌లాండ్ భాషలో, జోస్యం చెప్పే స్త్రీని వొల్వా అంటారు. ఐస్‌లాండ్‌లో 1270 ప్రాంతంలో రాసిన కోడెక్స్ రేగియస్ అనే చేతిరాత ప్రతి ఒకటి ఉంది. అది 1662లో డెన్మార్క్ రాజుకు చేరింది, 1971లో తిరిగి ఐస్‌లాండ్‌కు వచ్చింది. అందులో మొట్టమొదటి కావ్యం పేరు వొలుస్పా. వొల్వా చెప్పిన జోస్యం అని అర్థం. ఓడిన్ దేవుడు స్వయంగా వచ్చి అడుగుతాడు. ఆమె సృష్టి ఎలా మొదలైందో చెబుతుంది, దేవుళ్లు ఎలా నశిస్తారో చెబుతుంది. ఒక్కసారి ఆలోచించండి. దేవుళ్లకు పెద్ద అయినవాడు, జ్ఞానం కోసం కన్ను ఇచ్చినవాడు, తనకు తెలియనిది తెలుసుకోవడానికి ఒక స్త్రీ దగ్గరికి రావాల్సి వచ్చింది! ఆ సమాజంలో వొల్వాకు ఎలాంటి స్థానం ఉండేదో ఇంతకన్నా ఏం కావాలి?

కావ్యంలో ఆమె గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఆమె ఎలా ఉండేదో చూడాలంటే ఎరిక్ ది రెడ్ సాగా చదవాలి. సాగా అంటే పాత ఐస్‌లాండ్ గద్యకథ. 13వ శతాబ్దపు రచన, అందులోని సంఘటనలు 1000 సంవత్సరం నాటివి. గ్రీన్‌లాండ్‌లో కరువు. వేట లేదు. థోర్బ్యోర్గ్ అనే స్త్రీని పిలుస్తారు. ఆమెను చిన్న వొల్వా అనేవారు. తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు, అందరూ జోస్యం చెప్పేవాళ్లే, వాళ్లలో ఈమె ఒక్కతే మిగిలింది. ఆమె వేషం సాగా రచయిత ఎంత ఓపిగ్గా రాశాడో చూడండి. అంచుదాకా రాళ్లు పొదిగిన నల్లటి పైవస్త్రం, మెడలో గాజుపూసలు, తలకు నల్ల గొర్రెపిల్ల చర్మం టోపీ, దాని లోపల తెల్ల పిల్లి తోలు. చేతులకు పిల్లి తోలు తొడుగులు. చేతిలో కర్ర. ఆ కర్రకు పైన గుబ్బ, గుబ్బకు ఇత్తడి తొడుగు, చుట్టూ రాళ్లు. ఆమెకు వడ్డించిన భోజనం కూడా రాశాడు: మేకపాలతో వండిన జావ, అక్కడ దొరికే రకరకాల జంతువుల గుండెలు.

పూజ మొదలయ్యాక ఒక పాట పాడాలి. ఆ పాట వచ్చినవాళ్లు అక్కడ ఎవరూ లేరు, ఒక్క గుడ్రిడ్ అనే అమ్మాయి తప్ప. ఆమె క్రైస్తవురాలు. చిన్నప్పుడు ఐస్‌లాండ్‌లో పెంపుడు తల్లి నేర్పింది. నేను క్రైస్తవురాలిని, పాడను అంటుంది మొదట. బతిమాలితే పాడుతుంది. అంత బాగా పాడటం ఎప్పుడూ వినలేదని అక్కడున్నవాళ్లు అంటారు. పాత నమ్మకం, కొత్త మతం ఒకే గదిలో, ఒకే గొంతులో కలిశాయి. నాకు ఈ సాగాలో ఇది చాలా ఇష్టమైన చోటు. మన విషయానికి కావలసింది మాత్రం ఆ కర్ర. దాన్ని పట్టుకుందాం.

పాత నార్స్‌లోనే గుండ్రటి కర్రకు వొల్ర్ అనే మాట ఉంది. వొల్ర్ అంటే కర్ర, వొల్వా అంటే కర్ర గల స్త్రీ. ఇంతేనా? రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టరికం ఉన్నట్టేనా? కాదు. వినిపించడం సాక్ష్యం కాదు. ధ్వని నియమాలు ఒప్పుకోవాలి. కాస్త ఓపిక పట్టండి, ఈ భాగం కొంచెం సాంకేతికంగా ఉంటుంది. అసలు రుచి అంతా ఇక్కడే ఉంది.

పాత నార్స్‌లో ఒక నియమం. మాట మొదట్లో 'వ' ధ్వని ఉండి, దాని వెంట ఉకారమో ఒకారమో ఉంటే, ఆ 'వ' రాలిపోయింది. ఇంగ్లీషులో వుల్ఫ్, నార్స్‌లో ఉల్ఫ్ర్. ఇంగ్లీషులో వర్డ్, నార్స్‌లో ఒర్ద్. పాత ఇంగ్లీషు వాళ్ల దేవుడు వోడెన్, నార్స్ వాళ్లకు ఓడిన్. మరి వొల్వాలో మొదటి 'వ' ఎందుకు రాలలేదు? ఎందుకంటే అక్కడున్న ఒకారం మొదటి నుంచీ ఒకారం కాదు. అది పాత 'అ'. తర్వాతి అక్షరంలో ఉకారమో వకారమో ఉండటం వల్ల ఆ 'అ' పెదవులు గుండ్రంగా చుట్టుకుని 'ఒ' వైపు జరిగింది. వొల్ర్ సంగతీ అంతే. దీనికి రుజువు ఎక్కడో వెతకక్కర్లేదు. వొల్ర్ అనే మాటకు షష్ఠీ విభక్తి రూపం వలర్. చూశారా? ఉకారం ప్రభావం లేని చోట పాత 'అ' అలాగే కూర్చుని ఉంది. కాబట్టి కర్రకు మూల జర్మానిక్ రూపం *వలుజ్. వొల్వాకు వెనక్కి కడితే *వల్వోన్ లాంటిది వస్తుంది. *వలుజ్‌కు స్త్రీ ప్రత్యయం చేరిన రూపం, కర్రకు సంబంధించిన ఆమె, కర్ర గల ఆమె.

మరి కావ్యం పేరు వొలుస్పాలో రెండో 'వ' ఏమైంది అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. షష్ఠిలో వొల్వాకు చివర ఉకారం వస్తుంది. ఉకారం ముందు 'వ' నిలవదని చెప్పుకున్నాం. మాట మధ్యలోనూ అదే నియమం. అందుకే వొలు.

ఇప్పుడు నార్స్ బయటికి వెళ్దాం. ఒక్క భాషలో ఉన్న మాటను తల్లి భాషకు అంటగట్టకూడదు. వేరే పిల్లలు కూడా సాక్ష్యం చెప్పాలి. కర్ర విషయంలో చెప్పారు, బలంగా చెప్పారు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిలును గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి అనువదించాడు. లూకా సువార్త తొమ్మిదో అధ్యాయంలో యేసు శిష్యులతో ప్రయాణానికి ఏమీ తీసుకెళ్లవద్దు అంటాడు కదా, చేతికర్ర వద్దు, సంచి వద్దు అని. అక్కడ గోతిక్‌లో వలున్స్ అని ఉంది. వలుస్ అనే మాటకు బహువచనంలో ద్వితీయా విభక్తి. అదే మన *వలుజ్. ఇంగ్లీషులోనూ ఉంది. కర్రతో కొడితే ఒంటి మీద తేలే చారను వేల్ అంటారు. పడవ అంచుకు గన్‌వేల్ అనే పేరులో ఉన్నదీ అదే వేల్. పాత ఇంగ్లీషులో వలు అంటే పొడుగ్గా ఉబ్బిన గట్టు. ఇక పాత ఫ్రీజియన్ భాషలో వలుబెరా అనే మాట ఉంది, కర్ర మోసేవాడు అని, అంటే యాత్రికుడు. ఇది గుర్తుపెట్టుకోండి. మనిషిని అతని చేతిలోని కర్రతో పిలవడం ఈ భాషల్లో వింత కాదు.

ఇంకా వెనక్కి, మూల జర్మానిక్‌కు కూడా తల్లి అయిన ఇండో యూరోపియన్ దాకా వెళితే, *వెల్ అనే ధాతువు, తిరగడం, చుట్టుకోవడం, దొర్లడం అని అర్థం. గుండ్రంగా దొర్లేది కాబట్టి కర్ర. లాటిన్ వోల్వో, దొర్లుతాను అనే క్రియ, ఈ ధాతువుదే. స్వీడన్ కార్ల కంపెనీ పేరు ఆ లాటిన్ క్రియే. సంస్కృత వలయాన్ని కూడా పాత నిఘంటువుకారులు ఇక్కడే చేర్చారు.

చిక్కు ఎక్కడుంది

ఇంతవరకు అంతా సజావుగా ఉంది. ఇప్పుడు చిక్కు చెబుతాను. కర్ర అనే మాట మూల జర్మానిక్‌లో ఉంది, సందేహం లేదు. మరి జోస్యం చెప్పే స్త్రీ అనే అర్థంలో వొల్వా? అది నార్స్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. గోతిక్‌లో లేదు, పాత ఇంగ్లీషులో లేదు, పాత జర్మన్‌లో లేదు. అలాంటప్పుడు *వల్వోన్ ముందు చుక్క పెట్టి, ఇది మూల జర్మానిక్ మాట అనడానికి మనకు హక్కుందా? నార్స్ వాళ్లే తర్వాత ఎప్పుడో, తమ దగ్గరున్న కర్ర అనే మాట నుంచి దీన్ని తయారు చేసుకుని ఉండకూడదా? ఉండవచ్చు. ధ్వని నియమాలు దీనికి అడ్డు చెప్పవు.

పోల్చడానికి ఇంకో మాట చూడండి. 551లో జోర్డానెస్ అనే రచయిత గోతులు అనే జర్మానిక్ జనం చరిత్ర రాశాడు. గోతిక్ వాళ్ల భాషే. ఫిలిమర్ అనే గోతుల రాజు తన జనంలోని మంత్రగత్తెలను వెళ్లగొట్టాడని, వాళ్లకు గోతులు పెట్టిన పేరు హలియురున్నే అని రాశాడు. పాతాళం అనే మాట, రహస్యం అనే మాట కలిస్తే వచ్చిన సమాసం. పాత ఇంగ్లీషులో హెల్రునే ఉంది. పాత జర్మన్‌లో హెల్లిరునా, చనిపోయినవాళ్ల ద్వారా జోస్యం తెలుసుకోవడం అనే అర్థంలో ఉంది. మూడు భాషల సాక్ష్యం! ఈ రంగంలో గట్టి పునాది ఉన్న మాట కావాలంటే అదీ. వొల్వాకు ఆ భాగ్యం లేదు.

మరి వదిలేద్దామా? వదలొద్దు. ఈజిప్టు వెళ్దాం.

అవును, ఈజిప్టే. నైలు నది మీద ఎలిఫంటైన్ దీవిలో ఒక కుండపెంకు దొరికింది. 2వ శతాబ్దపుది. ఆ రోజుల్లో చిన్న చిన్న లెక్కలకు పగిలిన కుండ ముక్కలే కాగితం. ఆ పెంకు మీద గ్రీకు లిపిలో ఒక పేర్ల పట్టీ ఉంది. రోమన్ పేర్లు, గ్రీకో-ఈజిప్షియన్ పేర్లు, సైనికులవి. జీతాల పట్టీ అయి ఉండవచ్చు. వాటి మధ్య ఒక స్త్రీ: బలుబుర్గ్, సెనోని, సిబిల్లా. గ్రీకులో 'వ' రాయడానికి సరైన అక్షరం లేదు కాబట్టి 'బ' వాడారు. అంటే వలుబుర్గ్. సెనోని అంటే సెమ్నోనీ తెగ స్త్రీ అని పండితులు చదివారు. జర్మనీలో ఎల్బే నది ప్రాంతపు తెగ అది. సిబిల్లా అంటే మీకు తెలుసు, గ్రీకు రోమన్ లోకంలో జోస్యం చెప్పే స్త్రీకి పేరు. జర్మానియా అడవుల నుంచి వచ్చిన ఒక స్త్రీ ఈజిప్టు దక్షిణపు అంచున రోమన్ సైన్యం పట్టీలో, జోస్యం చెప్పే స్త్రీగా నమోదై ఉంది! ఆమె పేరులో మొదటి సగం వలు. కర్ర.

మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో జర్మన్ పండితులు దీన్ని చదివి వొల్వాతో కలిపారు. ఎందుకు కలిపారో మీకు ఇప్పుడు తెలుసు. నార్స్ ప్రతుల కన్నా వెయ్యేళ్లకు పైగా ముందు, నార్స్ కాని ఒక తెగలో, జోస్యం చెప్పే స్త్రీకీ వలు అనే మాటకూ ముడి కనిపిస్తోంది. *వల్వోన్ పాతదే అనడానికి మనకున్న బలమైన ఆధారం ఈ పెంకే.

అయినా ఇక్కడ కూడా నేను ఒక అడుగు వెనక్కి వేస్తాను. వలుబుర్గ్ పుట్టినప్పుడు పెట్టిన పేరా, వృత్తిలోకి వచ్చాక వచ్చిన పేరా? బుర్గ్ అనేది ఆడవాళ్ల పేర్ల చివర మామూలుగా వచ్చేదే. పుట్టినప్పుడు పెట్టిందైతే, కర్రకూ వృత్తికీ ముడి యాదృచ్ఛికం కావచ్చు. పెంకు అది చెప్పదు.

ఇంకా రెండు పేర్లున్నాయి. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు: సెమ్నోనీ రాజు మాస్యోస్, గన్నా అనే జోస్యం చెప్పే కన్య, ఇద్దరూ డొమిషియన్ చక్రవర్తి దగ్గరికి వచ్చారు, మర్యాదలు పొంది తిరిగి వెళ్లారు అని. మళ్లీ సెమ్నోనీ తెగే, గమనించారా? గన్నా అనే పేరును నార్స్ గండ్ర్‌తో కలుపుతారు. మంత్రశక్తి, మంత్రపు కర్ర అని దానికి అర్థం. ఇక లాంగోబార్డులు అనే ఇంకో జర్మానిక్ జనం కథలో గంబారా అనే తెలివిగల తల్లి వస్తుంది. ఆమె పేరు గండ్-బెరా, కర్ర మోసే ఆమె, అని ఒక వివరణ. ఒక్కో వివరణను విడిగా తీసుకుంటే ఊహే. మూడు పేర్లూ ఒకే దిక్కుకు చూపిస్తున్నాయంటే దాన్ని తీసిపారేయలేను. నిరూపణ అని మాత్రం అనను.

వెలెడా సంగతి

ఇప్పుడు మీరందరూ అడగబోయే పేరు. వెలెడా. జర్మానిక్ జోస్యం అనగానే ఈమే గుర్తొస్తుంది, న్యాయమే. 69, 70 సంవత్సరాల్లో బటావీ తెగ నాయకుడు సివిలిస్ రోమ్ మీద తిరగబడ్డాడు. బ్రుక్టెరీ తెగకు చెందిన వెలెడా ముందే చెప్పింది, జర్మనులు గెలుస్తారు, రోమన్ సైన్యాలు నాశనమవుతాయి అని. అలాగే జరిగింది. ఆమె పేరు మారుమోగిపోయింది. లొంగిపోయిన సైన్యాధికారి మునియస్ లుపెర్కస్‌ను ఆమెకు కానుకగా పంపారు. దారిలోనే చంపేశారు. రోమన్ నౌకాదళంలో సేనాని ఎక్కే ఓడను పట్టుకుని లిప్పే నది వెంట ఆమె దగ్గరికి లాక్కెళ్లారు. ఆమె ఎత్తైన బురుజులో ఉండేది. కొలోన్ నగరం రాయబారులు వస్తే వాళ్లకు ఆమె దర్శనమే దొరకలేదు. బంధువు ఒకడు ప్రశ్నలు తీసుకెళ్లి జవాబులు తెచ్చేవాడు. ఇదంతా రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 98లో రాసిన జర్మానియా గ్రంథంలో, ఆమెను చాలామంది చాలాకాలం దేవతగా భావించారు, మేం చూశాం అంటాడు. చివరికి ఆమె రోమన్లకు చిక్కింది. బందీ అయిన వెలెడా వేడుకోళ్ల గురించి స్టేషియస్ కవి ఒక పద్యంలో అన్నాడు.

వెలెడా, వొల్వా. దగ్గరగా వినిపిస్తున్నాయా? వినిపిస్తాయి. పూర్వం కొందరు కలిపారు కూడా. కానీ కుదరదు. వెలెడాలో ఉన్నది ఎకారం, వొల్వాలో పాత అకారం. వెలెడాలోని డకారానికి వొల్వాలో జవాబు లేదు. వెలెడాకు అసలు చుట్టాలు కెల్టిక్ భాషల్లో ఉన్నారు. వెల్ష్‌లో గ్వెలెడ్ అంటే చూడటం. పాత ఐరిష్‌లో ఫిలి అంటే కవి, దాని మూలార్థం చూసేవాడు. ఈ ధాతువును కూడా *వెల్ అనే రాస్తాం, కానీ దీని అర్థం చూడటం. నేను ఇందాక చెప్పిన దొర్లడం అనే *వెల్ వేరు. రాస్తే రెండూ ఒకటే, పుట్టుక వేరు. ఈ రంగంలో ఎంతోమంది ఇక్కడే జారిపడ్డారు. విద్యార్థులకు ఇది గట్టిగా చెబుతున్నాను. రూపం కలిసిందని ధాతువులను కలపకండి.

అంటే వెలెడా అసలు పేరే కాకపోవచ్చు. జోస్యం చెప్పే స్త్రీ అనే కెల్టిక్ బిరుదును రోమన్లు పేరు అనుకుని ఉండవచ్చు. బ్రుక్టెరీలు ఉన్నది రైన్ నదికి దగ్గర, కెల్టిక్ జనాల పక్కన. ఇది నిజమైతే ఎంత ఆసక్తికరమో చూడండి. పశ్చిమాన ఆ స్త్రీని చూసే ఆమె అన్నారు, ఉత్తరాన కర్ర గల ఆమె అన్నారు. ఒకరు ఆమె లోపలి శక్తిని బట్టి పిలిచారు, ఇంకొకరు బయటికి కనిపించే అధికార చిహ్నాన్ని బట్టి పిలిచారు.

కర్ర అంత ముఖ్యమా అంటే, తవ్వకాలు కొంత చెబుతాయి. డెన్మార్క్‌లో ఫిర్కాట్ అనే కోట, 980 ప్రాంతం నాటిది. అక్కడ ఒక స్త్రీని బండి తొట్టిలో పెట్టి పూడ్చారు. ఆమెతో పాటు హెన్‌బేన్ అనే మత్తు మొక్క గింజలు దొరికాయి, ఇనుప కడ్డీ అవశేషం కూడా. స్వీడన్‌లో ఓలాండ్ దీవిలో 82 సెంటీమీటర్ల ఇనుప కర్ర దొరికింది, కంచు అలంకారాలు, కొసన చిన్న ఇంటి బొమ్మ. వీటిని మాంసం కాల్చే చువ్వలు అన్నవాళ్లూ ఉన్నారు, నూలు వడికేటప్పుడు పట్టుకునే దూదికర్రను పోలినవి అన్నవాళ్లూ ఉన్నారు. నాకు చివరిది బాగా నచ్చుతుంది. నార్స్ ఊహలో విధిని వడికేది స్త్రీలే. అయితే ఇవన్నీ 10వ శతాబ్దం నాటివి. మూల జర్మానిక్‌కు ఇవి సాక్ష్యం కావు. మాటకు పుట్టుక తెచ్చిపెట్టడానికి సమాధుల్లోని కడ్డీలను వాడుకోవద్దు.

కాబట్టి నన్ను పట్టుకుని నిలదీస్తే ఇలా అంటాను. *వలుజ్, కర్ర: మూల జర్మానిక్, నిస్సందేహంగా. *వల్వోన్, జోస్యం చెప్పే స్త్రీ: పాతదే అయ్యే అవకాశం ఎక్కువ, వలుబుర్గ్ వల్ల. రుజువు కాలేదు. రెండు రూపాల ముందూ ఒకే చుక్క ఉంటుంది, రెండింటి బలం ఒకటి కాదు. నిఘంటువు తెరిచినప్పుడు చుక్క ఒక్కటే చూడకండి, దాని వెనక ఎంతమంది సాక్షులున్నారో లెక్కపెట్టండి.

ఒక ప్రశ్న చీటీ మీద వచ్చింది. జర్మనీలో ఏప్రిల్ 30 రాత్రి జరిపే వాల్‌పుర్గిస్ పండుగ, మంత్రగత్తెలు కొండ మీదికి చేరతారని నమ్మే రాత్రి, ఈ వలుబుర్గ్ పేరు మీద వచ్చిందా అని. కాదమ్మా. ఆ పేరు సెయింట్ వాల్‌బుర్గాది. 8వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి జర్మనీ వెళ్లిన సన్యాసిని, హైడెన్‌హైమ్ మఠానికి అధిపతి. మే 1 ఆమె పండుగ, దాని ముందు రాత్రి వాల్‌పుర్గిస్. పేర్లు ఒకేలా ఉన్నాయి, మంత్రగత్తెల కథ కూడా తోడైంది, అందుకే చాలామంది ముడిపెడతారు. ఎలిఫంటైన్ పెంకుకూ ఆ సన్యాసినికీ మధ్య ఆరు శతాబ్దాల దూరం ఉంది, వాళ్లను కలిపే ఆధారం ఒక్కటీ లేదు. తర్వాతి ప్రశ్న ఉంటే అడగండి.